చెయ్యి దూరని చోట మరసీల



పంటల సంగతులు తరచు చెప్పుకుంటూనే ఉన్నాం. ఈవేళ మన మోటారు సైకిలును గురించి, అందులోనూ ఒక చిన్న విషయాన్ని గురించి ముచ్చటించుకుందాం. బండి విప్పినప్పుడు చెయ్యి దూరని చోట జారిపడిన బోల్టును గాని, నట్టును గాని ఎలా పైకి తియ్యాలి? తీసినదాన్ని మళ్ళీ అదే ఇరుకులో ఎలా ఎక్కించాలి? ఇదీ విషయం.

జంగారెడ్డిగూడెం చుట్టుపట్ల మెట్ట ప్రాంతంలో పామాయిలు తోటకు వెళ్ళాలన్నా, బోరు దగ్గరికి వెళ్ళాలన్నా, పొగాకు వేలం రోజున ఊళ్ళోకి రావాలన్నా మోటారు సైకిలే ఆధారం. పాల క్యాను, ఎరువు బస్తా, మందుకొట్టే యంత్రం అన్నీ దానిమీదనే. గతుకుల పుంత దారిలో ఇంత బరువుతో తిరిగే బండికి సీలలు వదులు కావడం సహజం. పూర్వం ఎద్దుబండి కట్టే ముందు కడసీల ఉన్నదో లేదో చూడకుండా కాడి ఎత్తేవారు కాదు. కడసీల ఊడితే చక్రం ఊడుతుందని పిల్లలకు కూడా తెలుసు. మోటారు సైకిలుకు అటువంటి కడసీలలు ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. వాటిలో కొన్ని మన కంటికి కనిపించవు, చేతికి అందవు. చిక్కంతా అక్కడే.

"చిన్న వాషరే గదా, ఎక్కడో పడిపోయి ఉంటుంది, పోనిద్దురూ" అంటారు కొందరు. ఎక్కడో పడితే ఫరవాలేదు. ఎక్కడ పడిందన్నదే ప్రశ్న. నేల మీద పడితే నష్టం ఒక్క వాషరే. చెయినుకూ పళ్ళ చక్రానికీ మధ్య పడితే, చెయిను తిరిగినప్పుడు ఆ ముక్క నలిగి, పక్కనున్న ఇంజను గోడను పగలగొట్టవచ్చు. ఇంజను లోపలే పడితే మొత్తం ఇంజనుకే ముప్పు.

పడగానే చెయ్యవలసిన పని

చేతిలోని సీల జారిందనుకోండి. వెంటనే పని ఆపండి. కిక్కు కొట్టకూడదు. సెల్ఫు నొక్కకూడదు. గేరులో ఉన్న బండిని ముందుకు వెనక్కు తొయ్యకూడదు. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. పిల్లలు సరదాకి తిప్పకుండా ఉంటారు.

ఎందుకింత జాగ్రత్త అంటే, 1985లో హీరో హోండా సీ.డి. 100 వచ్చింది మొదలు మన పల్లెలకు చేరిన నాలుగు స్ట్రోకుల బండ్లలో ఇంజను పక్కగా పైనుంచి కిందికి ఒక సొరంగం వంటి దారి ఉంటుంది. అందులో టైమింగు చెయిను తిరుగుతుంది. పైన విప్పినప్పుడు జారిన సీల ఆ దారిలో పడి, చెయిను మీద ఆగవచ్చు, లేదా అడుగున నూనెలోకి దిగవచ్చు. చెయిను మీద ఆగినదాన్ని ఒక్క కిక్కుతో మనమే పళ్ళలోకి తోసినట్టవుతుంది. కదపకుండా ఉంచితే అది పడినచోటనే ఉంటుంది. తీసే అవకాశమూ ఉంటుంది.

వెతకడం

ముందు దీపం కావాలి. టార్చి ఒక పక్కనుంచి వాలుగా వెయ్యండి. ఇనుప ముక్క తళుక్కుమంటుంది. వంగి చూడలేని చోటుకు చిన్న అద్దం పట్టండి. సెల్ ఫోను కెమెరాను ఇరుకులోకి పెట్టి ఫొటో తీసినా పని జరుగుతుంది. పడేటప్పుడు వచ్చిన చప్పుడు కూడా గుర్తు చేసుకోండి. ఖంగుమంటే లోహం మీద పడినట్టు, చప్పుడే లేకపోతే బురద మీదనో గ్రీజులోనో ఆగినట్టు. గాలి పంపుతో ఊదడం మాత్రం పనికిరాదు. ఊదితే ముక్క ఇంకా లోతుకు పోతుంది.

తీసే ఉపాయాలు

మొదటి ఉపాయం అయస్కాంతం. కొసకు అయస్కాంతం ఉండి, పెన్నులాగా సాగే కడ్డీలు హార్డువేరు దుకాణాలలో దొరుకుతాయి. అది లేకపోతే పాత స్పీకరులోని అయస్కాంతాన్ని స్క్రూ డ్రైవరు మీద పిడి వైపునుంచి కొసవైపుకు, ఒకే దిక్కుగా ఇరవై ముప్పైసార్లు రాయండి. ఆ కొస చిన్న సీలలను పట్టుకుంటుంది.

అయితే అయస్కాంతానికి ఇనుము, ఉక్కు తగులుకుంటాయి గాని ఇత్తడి, రాగి, అల్యూమినియం తగులుకోవు. స్టెయిన్‌లెస్ స్టీలు సీలలు కూడా చాలావరకు అంటుకోవు. కాబట్టి పడినదానికి జోడు మీ చేతిలో ఉంటే, ముందు దాన్ని అయస్కాంతానికి తగిలించి చూడండి. అది అంటుకోకపోతే లోపల గంటసేపు వెతికినా లాభం లేదు.

మరొక చిక్కు. చుట్టూ ఇనుప గోడలుంటే అయస్కాంతం సీలను వదిలి గోడకు అతుక్కుంటుంది. దీనికి విరుగుడు మన పొలంలోనే ఉన్నది. బిందు సేద్యానికి వాడే గొట్టం ముక్కను అయస్కాంతపు కడ్డీకి తొడిగి, కొస మాత్రం బయటికి ఉంచండి. పక్కగోడలకు అంటకుండా తిన్నగా దిగుతుంది. అల్యూమినియం అయస్కాంతానికి అడ్డుగోడ కాదన్నది కూడా గుర్తుంచుకోండి. పలచని అల్యూమినియం మూత వెనక ఇనుప ముక్క ఉంటే, బలమైన అయస్కాంతాన్ని బయటనుంచి పెట్టి నెమ్మదిగా జరిపి, దాన్ని కంతదాకా లాక్కురావచ్చు.

రెండవ ఉపాయం గ్రీజు. అయస్కాంతానికి అంటని రాగి వాషరు వంటివాటిని, పుల్ల కొసకు చిక్కటి గ్రీజు ముద్ద పెట్టి అద్ది తియ్యాలి. పుల్ల ఎండినదైతే లోపల విరగవచ్చు. పచ్చి వెదురు పుల్ల మంచిది.

మూడవది తీగ. సైకిలు చువ్వ కొసను కొక్కెంలా వంచితే కంత ఉన్న నట్టునూ వాషరునూ తగిలించి లాగవచ్చు. తుప్పు పట్టిన తీగ వాడకండి. అది లోపల తెగితే వెతకవలసినవి రెండవుతాయి.

అడుగున నూనెలోకి దిగిందని తోస్తే, డ్రెయిన్ బోల్టు విప్పి నూనెను పలచని గుడ్డమీదుగా పళ్ళెంలోకి దించండి. నూనెతో పాటు రాకపోతే ఆ కంతలోంచి అయస్కాంతం పెట్టి చూడండి. ఎడమపక్క మాగ్నెటో మూత విప్పి ఉంటే మాగ్నెటో లోపల తప్పక చూడాలి. అందులో ఉన్నవే అయస్కాంతాలు గనుక తప్పిపోయిన సీల అక్కడ అంటుకుని ఉండవచ్చు. చూడకుండా బిగిస్తే లోపలి తీగచుట్టలు తెగుతాయి.

స్పార్కు ప్లగ్గు కంతలోంచి సిలిండరులో ఏదైనా పడితే ఇంజనును చేత్తో కూడా తిప్పవద్దు. పిస్టనుకూ పై గోడకూ మధ్య నలిగితే వాల్వులు వంగుతాయి. అయస్కాంతంతో, గ్రీజు పుల్లతో ప్రయత్నించండి. రాకపోతే మొహమాటపడకుండా బండిని మరో బండి మీద ఎక్కించి మెకానిక్కు దగ్గరికి చేర్చండి. హెడ్డు విప్పే ఖర్చు ఇంజను మార్చే ఖర్చుకన్న ఎప్పుడూ తక్కువే.

మళ్ళీ ఎక్కించడం

తీసినంత మాత్రాన పని అయిపోలేదు. ఇరుకులో సీలను సరిగా పట్టించడమే అసలు పనితనం.

ముందుగా ఒక లెక్క. 6 మిల్లీమీటర్ల బోల్టు అంటే దాని ఒంటి లావు 6 మిల్లీమీటర్లు. దానికి పట్టే పానా 10 నెంబరు గాని, కొన్నింటికి 8 నెంబరు గాని ఉంటుంది. సాధారణంగా ఈ బోల్టు ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు లోపలికి పోతుంది. అంటే 12 మిల్లీమీటర్లు దిగవలసిన బోల్టు సుమారు 12 చుట్లు తిరగాలి. రెండు చుట్లకే బిగిసిపోయిందంటే మర అడ్డంగా పట్టిందన్నమాట. బలం పెట్టకుండా వెనక్కు విప్పండి.

మర తిన్నగా పట్టడానికి తేలిక మార్గం ఉన్నది. బోల్టును కంతలో పెట్టి ముందు ఎడమకు, అంటే విప్పే దిక్కుకు, మెల్లగా తిప్పండి. ఒకచోట టిక్కుమని దిగుతుంది. అదే మర మొదలు. అక్కడనుంచి కుడికి తిప్పండి. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. పానా తరువాతి మాట.

వేళ్ళు పోని చోట పానా తలలో చిన్న కాగితం ముక్క పెట్టి బోల్టును నొక్కితే అది బిగుతుగా నిలుస్తుంది, జారదు. వాషరును గ్రీజుతో బోల్టుకు అంటించండి. పడుతుందని భయమున్న వాషరుకు దారం కట్టి ఉంచితే, జారినా దారంతో పైకి వస్తుంది. బోల్టు నాలుగు చుట్లు పట్టాక దారం తీసివెయ్యండి. స్పార్కు ప్లగ్గుకయితే దాని తలకు బిగుతుగా పట్టే రబ్బరు గొట్టం తొడిగి, గొట్టాన్ని వేళ్ళతో తిప్పండి. మర అడ్డంగా పడితే గొట్టమే జారుతుంది. అల్యూమినియం మర దెబ్బతినదు.

అడుగు మూసి ఉన్న కంతలో నూనెగాని నీరుగాని ఉంటే తుడవండి. బోల్టు దిగేకొద్దీ ఆ ద్రవం పోయే దారిలేక ఇంజను గోడను పగలగొడుతుంది. మూత బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద మూత బొమ్మ గీసి, విప్పిన బోల్టును విప్పినచోటనే గుచ్చి ఉంచండి. పొడుగుది పొట్టి కంతలో పెడితే అడుగు తగులుతుంది. పొట్టిది పొడుగు కంతలో పెడితే రెండు మూడు మరలే పట్టి, అవి కాస్తా ఊడివస్తాయి. అన్నిటినీ వేళ్ళతో పట్టించిన తరువాతనే ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి.

ఎంత బిగించాలి? 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. అంటే 10 సెంటీమీటర్ల పానా కొసన 10 కిలోల బరువు పెట్టినంత. అదే పానాకు గొట్టం తొడిగి 60 సెంటీమీటర్లు చేసి, అదే బలంతో లాగితే ఆరు రెట్లు పడుతుంది. అల్యూమినియం మర ఊడిపోతుంది. "గట్టిగా ఉంటే మంచిదే గదా" అనుకోవద్దు. మర చెడితే కార్ఖానాలో తీగచుట్ట వంటి కొత్త మర కూర్చవచ్చు గాని, అది వృథా ఖర్చు. మీ బండి పుస్తకంలో ఇచ్చిన కొలతే ప్రమాణం.

ప్రాణానికి సంబంధించిన సీల

అన్నిటిలో ముఖ్యమైనదొకటి చెబుతాను. వెనక డ్రమ్ము బ్రేకు ఉన్న చాలా బండ్లకు, బ్రేకు ప్లేటును తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ ఒకటి కిందివైపున ఉంటుంది. దాని నట్టు ఎప్పుడూ బురదలో కప్పబడి ఉంటుంది. చక్రం విప్పి బిగించేటప్పుడు దాన్ని మరిచిపోవడం సులభం. ఆ నట్టు ఊడిపోతే, బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, చక్రం ఒక్కసారిగా బిగిసిపోతుంది. వెనక భార్యాబిడ్డలు కూర్చున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. కాబట్టి బురద కడిగి చూడండి. ఆ బోల్టుకు చీలిక పిన్ను ఉంటే విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యండి. పిన్ను బదులు తీగ చుట్టడం, అసలు బోల్టు బదులు తలుపు బోల్టు వెయ్యడం ప్రమాదకరం. ఇరుసు, బ్రేకు బోల్టులు గట్టి ఉక్కువి. బజారు మెత్తసీల వాటికి సాటిరాదు.

పశువుల సంగతి

బండిని పశువుల పాక దగ్గర, గడ్డి వేసే చోట విప్పవద్దు. ఆవూ గేదే గడ్డిని నమలకుండా మింగి, తరువాత నెమరువేస్తాయి. గడ్డిలో కలిసిన తీగముక్క, పిన్ను, మేకు రెండవ పొట్టలోకి చేరి, దాన్ని పొడుచుకుని గుండెదాకా పోవచ్చు. పశువు మేత మాని, పాలు తగ్గి, నడుం వంచి నిలబడుతుంది. పశువైద్యులు ఈ జబ్బుకు పొట్టలో అయస్కాంతం వెయ్యడం కూడా ఉన్నది. తప్పిపోయిన సీలను వెతకడానికి ఇది మరొక కారణం.

పడకుండానే చూసుకోవడం

ఇన్ని ఉపాయాలకన్న మేలైనది జారనివ్వకపోవడం. విప్పే ముందు బండిని కడిగి, గట్టి నేలమీద మెయిన్ స్టాండు వెయ్యండి. కింద పాత తెల్ల పంచె పరవండి. నల్లసీల తెల్లగుడ్డ మీద దాగదు. ఇంజనులో తెరిచిన ప్రతి కంతకూ గుడ్డ కుక్కి, కొస బయటికి వేలాడనివ్వండి. ఎన్ని గుడ్డలు కుక్కారో లెక్క పెట్టుకుని, అన్నీ తీసివెయ్యండి. పెట్రోలు గొట్టం విప్పినప్పుడు బీడీ, అగ్గిపెట్టె దగ్గర ఉండకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్. 6 నిబంధన తరువాతి బండ్లలో విద్యుత్తు పరికరాలు హెచ్చు. వాటిలో ఇనుప కడ్డీ పెట్టేముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి.

పని ముగిశాక పళ్ళెం చూడండి. ఒక్క సీల మిగిలినా, ఒక్కటి తగ్గినా బండి తీయవద్దు. అన్నీ సరిపోయాక ఓ పది కిలోమీటర్లు తిరిగివచ్చి, చల్లారిన తరువాత మరొకసారి పానా పెట్టి చూడండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మందుకొట్టే యంత్రాలను గురించి గ్రామంలో ప్రదర్శన పెట్టినప్పుడు ఒక టార్చి, అద్దం, అయస్కాంతం, గొట్టం ముక్క, గ్రీజు డబ్బా వెంట తీసుకెళ్ళండి. ఒక నట్టును ఇరుకులో పడవేసి, రైతుల చేతనే తీయించండి. చేత్తో ఒకసారి చేసిన పని మరపురాదు. ఆ యంత్రాల ఇంజనులకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి.