ఆకు రాలే వేళ... కూర పండే వేళ

డిసెంబరు పొద్దున ఏ కాలనీలో నడిచినా రెండు సంగతులు కంటపడతాయి. వీధి మొగలో రాలిన సీమబాదం ఆకులు పోగేసి ఎవరో నిప్పు పెడుతుంటారు. నాలుగిళ్ల అవతల, కూరగాయల తొక్కలూ తొడిమలూ నిండిన బకెట్ చెత్త బండి కోసం గేటు ముందు కాచుకుని ఉంటుంది. ఆ ఆకూ ఈ తొక్కా కలిస్తే బంగారంలాంటి ఎరువు. విడివిడిగా ఉంటే ఒకటి పొగ, రెండోది కంపు. ఆకులు వీధిలో కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. అయినా మంట ఆగలేదు. అదే వీధిలో డాబా మీద నాలుగు తొట్లు పెట్టుకున్నవాళ్లేమో ఎరువు సంచులు కొని మోసుకొస్తున్నారు. కాల్చే ఆకు, పారేసే తొక్క, కొనే ఎరువు... ఈ మూడూ ఒక్కటేనని తెలిసిన ఇంట్లో చలికాలపు తోట సగం పండినట్టే.

మంచు కురిసే దేశాల్లో చలికాలమంటే తోట మూసేసే కాలం. మనకు అదే అసలైన అదను. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి, బఠాణీ, పాలకూర, మెంతికూర, కొత్తిమీర... వేసవిలో ఎంత బతిమాలినా మొహం చాటేసేవన్నీ ఇప్పుడు అడక్కుండానే వస్తాయి. టమాటాకు పగలు ఎండ, రాత్రి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం దొరికితే పూత నిలుస్తుంది. మేలో రాలిపోయే పూత జనవరిలో కాయ కడుతుంది. హైదరాబాద్‌లో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటిమీద పండించి చూపించి, దాని గురించి రాసి, మిద్దెతోటను చాలా ఇళ్ల మెట్లెక్కించారు. అలా మొదలుపెట్టిన వాళ్లెవరినడిగినా చెబుతారు, కొత్తగా దిగేవారికి చలికాలమంత కలిసొచ్చే కాలం లేదని.

ఈ కాలానికి రాణి మాత్రం పందిరి చిక్కుడు. ఆషాఢంలోనో శ్రావణంలోనో గింజ వేస్తాం. వానలకు తీగ పిట్టగోడ దాటి పాకుతుంది, పందిరంతా కమ్ముకుంటుంది. దసరా వచ్చినా పువ్వు ఉండదు. ‘గొడ్డుపోయింది, పీకేద్దాం’ అని కత్తెర పట్టుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. దయచేసి పీకకండి. పాత నాటు చిక్కుడు పగటి పొద్దు కురచయితే తప్ప పూయదు. దానికి కావలసింది పొడవాటి రాత్రి. ఎరువు ఎక్కువేసినా, నీళ్లు ఎక్కువ పోసినా తీగే బలుస్తుంది గానీ పూత రాదు. కార్తీకం దాటాక గెలలు గెలలుగా ఊదారంగు పూత దిగుతుంది, సంక్రాంతికి కూరకు, పచ్చడికి, పక్కింటికి సరిపడా కాయ. రథసప్తమి నాడు చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి రథం కట్టడం, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం ఊరికే వచ్చిన ఆచారం కాదనిపిస్తుంది నాకు. ఆ రోజుల్లో ప్రతి పెరట్లోనూ నిండుగా ఉండేది అదే మరి. ఏడాది పొడుగునా కాసే పొద రకాలూ ఇప్పుడున్నాయి, చోటు తక్కువైతే అవి వేసుకోవచ్చు. రుచిలో నా ఓటు మాత్రం పందిరిదానికే.

చిక్కుడుకు చలిలో వచ్చే పెద్ద బెడద పేనుబంక. లేత కొసల మీద నల్లగా, జిగటగా గుంపు కడుతుంది. చీమలు బారులు కట్టి తీగ ఎక్కుతున్నాయంటే అది వచ్చేసిందని గుర్తు. పొద్దున్నే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి రాల్చండి. అప్పటికీ పోకపోతే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

కాలీఫ్లవర్ దగ్గర విత్తనం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ముందు కాసే రకం, చలి ముదిరాక కాసే రకం అని వేర్వేరుగా ఉంటాయి. ముందు రకాన్ని ఆలస్యంగా నాటితే బొత్తాయంత పువ్వు పెట్టి ఊరుకుంటుంది. చలి రకాన్ని తొందరపడి నాటితే ఆకులే ఆకులు. కొనేటప్పుడే ఏ నెలలో నాటేదో అడిగి తెచ్చుకోవాలి. పువ్వు పిడికిలంత అయ్యాక దాని చుట్టూ ఉన్న ఆకుల్ని పైకి లాగి దారంతో వదులుగా కట్టండి, ఎండ తగలక తెల్లగా నిలుస్తుంది. క్యారెట్, ముల్లంగి గింజను తొట్లోనే వేయాలి, నారు పోసి పీకి నాటితే వేరు చీలి వంకర తిరుగుతుంది. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి. మెంతులకు ఇవేవీ అక్కర్లేదు, వంటింటి డబ్బాలోంచి గుప్పెడు తీసి చల్లినా మూడు వారాల్లో పప్పులోకి వస్తాయి.

ఇక ఎరువు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేశాడు. మన రైతుల అనుభవాన్ని గమనించి, చైనా రైతుల పద్ధతులు చదివి, చెత్తను ఎరువు చేసే ఒక క్రమాన్ని తయారుచేశాడు. ఎండు చెత్త ఒక పొర, పేడ ఒక పొర, బూడిద కలిపిన మట్టి కాస్త. మధ్యమధ్య తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు. ఇండోర్ పద్ధతి పేరుతో అది లోకమంతా తిరిగింది. ఊరి చివర పెంటదిబ్బ వేసిన మన తాతలు పాఠం చెప్పిన సంగతి మాత్రం మనకే గుర్తులేదు.

చెత్తను మాగబెట్టేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటి భోజనంలో ఎండాకు అన్నమైతే, పచ్చి తొక్కలు పప్పు. నత్రజని ఒక పాలుంటే కర్బనం 25, 30 పాళ్లుండాలి. లెక్క కష్టమనిపిస్తే, గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల ఎండాకు అనుకోండి చాలు. చిల్లులు పెట్టిన పాత డ్రమ్ములో అడుగున కొబ్బరి పీచు పరిచి, రోజూ తొక్కలు వేసి, పైన ఎండాకు కప్పండి. పుల్లమజ్జిగో పేడనీళ్లో అప్పుడప్పుడు చిలకరించండి. వారానికోసారి కర్రతో అడుగుది పైకి తేవాలి. సీమబాదం, మామిడి ఆకులు దళసరి, ఓ పట్టాన చివకవు. సంచిలో వేసి కాళ్లతో తొక్కి నలిపాక వేస్తే త్వరగా మాగుతాయి. మాంసం, ఎముకలు, నూనె కూరలు మాత్రం వద్దు, ఎలుకలొస్తాయి. నిమ్మ, బత్తాయి తొక్కలు కొంచెమే వేయండి.

తేమ చూడటానికి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరిగ్గా ఉంది. ధారగా కారితే ఎండాకు కలపండి, పొడిగా రాలిపోతే నీళ్లు చల్లండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపలికి గాలి ఆడటం లేదు, తిరగేయండి. ముక్కు మండేలా ఘాటు వస్తే తొక్కలు ఎక్కువయ్యాయి. బూడిదరంగు లావుపాటి పురుగులు కనిపిస్తే చాలామంది జడిసి డ్రమ్మే బయట పెట్టేస్తారు. అవి చెత్తను తినే ఒక జాతి ఈగ పిల్లలు, మొక్కల జోలికి రావు. మన పని చేసిపెడుతున్నాయి, ఉండనివ్వండి.

చలికి పని కాస్త నెమ్మదిస్తుంది. డ్రమ్మును ఎండ పడేచోట పెట్టి, రాత్రి గోనెసంచి కప్పితే ఆగకుండా సాగుతుంది. పెరట్లో మూడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు కుప్ప వేయగలిగితే ఇంకా మేలు. లోపలి వేడి 55 డిగ్రీలు దాటి, కలుపు గింజలూ తెగుళ్లూ చస్తాయి. జనవరి పొద్దున ఆ కుప్పను పారతో తెరిస్తే ఆవిరి లేస్తుంది, చెయ్యి పెట్టలేం. డ్రమ్ముకు అంత వేడి రాదు గనుక తెగులు పట్టిన మొక్కల్ని అందులో వేయొద్దు. డాబా మీదైతే బరువు గుర్తుంచుకోండి. తడి మట్టి ఘనపుటడుగుకు యాభై కిలోల దాకా తూగుతుంది, పెద్ద తొట్లు దూలాల మీదికి వచ్చేలా పెట్టాలి.

కార్తీకంలో మొదలుపెట్టిన డ్రమ్ము మాఘానికి నల్లగా, తొలకరి మట్టి వాసనతో చేతికొస్తుంది. అప్పటికి క్యాబేజీ, ముల్లంగి తొట్లు ఖాళీ అవుతుంటాయి. బెండ, గోరుచిక్కుడు, బీర, సొర వేసుకునే అదను కూడా అదే. పాత మట్టి పారేయకండి. వేళ్లు ఏరేసి, రెండు రోజులు ఎండబెట్టి, మూడో వంతు కొత్త ఎరువు కలిపి, తడిపి ఒక వారం వదిలేసి, అప్పుడు గింజ వేయండి.