మెడ కొలత

తెలుగువాడికి మెడతో వున్న చుట్టరికం ఇంతా అంతా కాదు. మెడ, పీక, గొంతు, కుత్తుక, కంఠం, గళం - ఒక్క అవయవానికి ఇన్ని పేర్లు! కోపమొస్తే పీక పట్టుకుంటాం, పాట నచ్చితే గళాన్ని పొగుడుతాం, పట్టుబట్టి పని సాధిస్తే మెడలు వంచామంటాం. తీరా "నీ మెడ చుట్టుకొలత ఎంత?" అని అడిగితే మాత్రం నూటికి తొంభైమంది తెల్లమొహం వేస్తారు. ఆ లెక్క తెలిసినవాడు వూళ్ళో ఒక్కడే వున్నాడు, దర్జీ.

మా మేనమామ ఒకాయన ఆళ్లగడ్డలో వుంటాడు. కూతురి పెళ్ళికని షర్టు కుట్టించుకోడానికి నంద్యాల వచ్చి, ఎప్పుడూ ఇచ్చే దర్జీకే కొలతలిచ్చాడు. దర్జీ పాత పుస్తకం తిరగేసి, "ఏమన్నా, అప్పుడు పదిహేను, ఇప్పుడు పదిహేడు! మెడ రెండంగుళాలు పెరిగిందే" అన్నాడు. అందరం నవ్వాం. సుఖం వచ్చింది, ఒళ్ళు వచ్చింది అనుకున్నాం. ఆయన గుర్రు అప్పటికే మా బంధువుల్లో పెద్ద హాస్యకథ. మిద్దె మీద పడుకుంటే పక్క వీధి కుక్కలు లేచి మొరుగుతాయని చెప్పుకునేవాళ్ళం. పగటిపూట మాట్లాడుతూ మాట్లాడుతూనే కునికేవాడు, దానికీ నవ్వేవాళ్ళం. పెళ్ళయిన ఆర్నెల్లకు ఒకనాడు తెల్లవారుజామున మోటారు సైకిలు మీద నంద్యాలకు వస్తూ, రోడ్డు మీదే కునుకుపట్టి కల్వర్టును గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరమ్మ వచ్చి, కాలు సంగతి వదిలేసి టేపుతో ఆయన మెడ కొలిచింది. "రాత్రిళ్ళు గుర్రు పెడతారా? మధ్యలో శ్వాస ఆగడం ఇంట్లోవాళ్ళు చూశారా?" అని మా అత్తను అడిగింది. మా అత్త ఏడ్చినంత పని చేసింది. ఏళ్ళ తరబడి ఆమె చూస్తూనే వుంది. గుర్రు హఠాత్తుగా ఆగేది, నిశ్శబ్దం, తర్వాత నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఎగశ్వాస. చెబితే నవ్వుతారని చెప్పలేదు.

కాలు విరిగినవాడి మెడ ఎందుకు కొలిచినట్టు? మత్తుమందు ఇచ్చినప్పుడు గొంతు కండరాలు సడలుతాయి. నిద్రలోనే మూసుకుపోయే గొంతు మత్తులో మరింత ప్రమాదం. అందుకే కెనడాలోని టొరంటోలో మత్తు వైద్యులు 2008లో ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి ప్రకటించారు. గుర్రు, పగటి అలసట, శ్వాస ఆగడం ఎవరైనా చూడటం, రక్తపోటు, ఎత్తుకు తగని బరువు, యాభై దాటిన వయసు, మెడ కొలత, మగవాడు కావడం. వీటిలో మూడింటికి అవునంటే వైద్యుడు జాగ్రత్తపడతాడు. మెడ హద్దు మొదట 40 సెంటీమీటర్లు పెట్టారు. తర్వాత మగవాళ్ళకు 43, ఆడవాళ్ళకు 41గా సవరించారు. 43 అంటే సుమారు 17 అంగుళాలు. మా మామ కాలరు సరిగ్గా అక్కడే వుంది.

అసలు లోపల జరిగేదేమిటంటే, ముక్కు వెనకనుంచి స్వరపేటిక దాకా వున్న దారికి గట్టి ఎముక గొట్టం లేదు. మెత్తటి కండలే దాన్ని తెరిచి పట్టుకుంటాయి. మెలకువలో అవి బిగువుగా వుంటాయి, నిద్రలో సడలుతాయి. మెడలో కొవ్వు చేరినవాళ్ళకు ఆ బరువు చుట్టూ ఒత్తి దారి ఇరుకవుతుంది. ఇరుకు దారిలో గాలి తగిలి కండ అదరడమే గుర్రు. పూర్తిగా మూసుకుపోతే శ్వాస ఆగుతుంది. కనీసం పది సెకన్లు ఆగితే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆగడాలూ, శ్వాస బాగా తగ్గడాలూ కలిపి గంటకు అయిదు దాటితే జబ్బు కింద లెక్క, ముప్ఫై దాటితే తీవ్రం. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. మనిషికి లేచినట్టు గుర్తుండదు, నిద్రపోయిన ఫలితమూ వుండదు. పైగా రక్తపోటు పెరుగుతుంది, గుండెకు శ్రమ. బక్కమెడ వాళ్ళకు రాదనుకోరాదు. చిన్న దవడ వున్నవాళ్ళకూ, టాన్సిల్సు ఉబ్బిన పిల్లలకూ వస్తుంది. నిద్రమాత్రలు, మద్యం, వెల్లకిలా పడుకోవడం దీన్ని పెంచేవే.

మెడకొవ్వు గొంతును ఒత్తి వూరుకోదు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్నంలో 1948 నుంచీ జనాల గుండె సంగతి తరతరాలుగా పరిశీలిస్తున్నారు. అక్కడ మూడు వేల పైచిలుకు మందిని చూసి 2010లో చెప్పిందేమంటే, పొట్టలోపలి కొవ్వును లెక్కలోంచి తీసేసినా, మెడ లావుకూ రక్తపోటు, చక్కెర, రక్తంలో కొవ్వులకూ సంబంధం మిగిలే వుందని. ఇజ్రాయెల్ వైద్యులు 2001లో మగవారికి 37, ఆడవారికి 34 సెంటీమీటర్లు దాటితే బరువు సంగతి చూసుకోవాలన్నారు. ఇవి జబ్బు ముద్రలు కావు, హెచ్చరికలు మాత్రమే. వ్యాయామశాలలో బరువులెత్తే కుర్రాడి మెడా లావే, అది కండ. టేపుకు కండా కొవ్వూ తేడా తెలియదు పాపం!

కొలవడం తేలిక. నిటారుగా నిలబడి, చూపు ఎదురుగా పెట్టి, గొంతుముడికి సరిగ్గా కింద టేపును బిగించకుండా, జారకుండా చుట్టాలి. దర్జీ రెండు వేళ్ళు దూర్చి వదులు కలుపుతాడు, ఇక్కడ అది కలపరాదు. మన ఆడపడుచులకు కాలరు కొలత వుండదు గదా అంటారా? వాళ్ళ టేపు నగల పెట్టెలో వుంది. పెళ్ళినాటి కంటె బిగుతవడం, నెక్లెసు కొక్కెం ఒక్కో వలయమే చివరికి జరుగుతూ పోవడం ఆ సంగతే చెబుతాయి.

అందం మాట కొస్తే మన జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా? ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టి కూర్చుంటే చాలు, అందమైన మెడ ఎలా వుండాలో రాయి చెబుతుంది. శిల్పశాస్త్రంలో నవతాళ ప్రమాణమని ఒకటుంది. విగ్రహం మొత్తం 108 అంగుళాలైతే ముఖం 12, మెడ 4. ఈ అంగుళం మన స్కేలు అంగుళం కాదు, ఆ విగ్రహం ముఖంలో పన్నెండో వంతు. దేవతామూర్తుల మెడ మీద శంఖానికున్నట్టు మూడు గీతలు చెక్కుతారు, కంబుకంఠం అనేది అదే. బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్త బలిసిన మెడ చూసీ ముచ్చటపడతాం. కానీ రాతికి చక్కెర జబ్బు రాదు, గిత్త దినమంతా పని చేస్తుంది.

మరో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. కొందరు పిల్లలకు మెడ వెనక, మడతల్లో నల్లగా, మందంగా, తాకితే ముఖమల్ గుడ్డలా వుంటుంది. "మురికి, సరిగ్గా రుద్దుకోవు" అని ఇంట్లో తిట్లు, హాస్టల్లో మారుపేర్లు, పెళ్ళిచూపుల్లో గుసగుసలు. నిమ్మచెక్కతో, శనగపిండితో చర్మం మండేదాకా రుద్దుతారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక, దాని మోతాదు రక్తంలో పెరిగినప్పుడు చర్మకణాలు వేగంగా పెరిగి అలా అవుతుంది. వైద్యులు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. అరుదుగా వేరే కారణాలూ వుంటాయి. అలాంటి పిల్లకు సబ్బు కాదు, రక్తపరీక్ష కావాలి. బరువు తగ్గితే ఆ నలుపూ తగ్గుతుంది.

మెడ ముందు భాగం ఉబ్బి, గుటక వేసినప్పుడు పైకీ కిందికీ కదిలితే థైరాయిడ్ గ్రంథిని అనుమానించాలి. పక్కల బిళ్ళలు కట్టి వారాలు తగ్గకపోతే క్షయ కావచ్చు. ఆయుర్వేదం మొదటి తరహా వాపును గలగండమనీ, రెండో తరహాను గండమాల అనీ ఏనాడో వేరుచేసి చెప్పింది. వీటికి టేపుతో పని లేదు, ఆసుపత్రికి పోవడమే.

మా మామ కథ సగంలో ఆపాను గదూ. కాలు అతికాక హైదరాబాదులో ఒక రాత్రి ఒంటినిండా తీగలు తగిలించి నిద్రపరీక్ష చేశారు. గంటకు నలభైకి పైన! ముక్కుకు తొడుగు పెట్టి గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచివుంచే యంత్రం ఇచ్చారు, 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివాన్ అనే వైద్యుడు కనిపెట్టిన పద్ధతి అది. "ఏనుగు తొండం" అని మొదట్లో విసుక్కున్నాడు. వారం తిరిగేసరికి పగలు కునుకు పోయింది. సాయంత్రాలు నడుస్తున్నాడు, రాత్రి అన్నం తగ్గించాడు, మొన్న దర్జీ పదహారుంబావు అని రాసుకున్నాడు. కరెంటు పోయిన రాత్రి మాత్రం పక్క వీధి కుక్కలు ఇంకా లేస్తూనే వున్నాయట.