కంపోస్టు ఎరువు - కంటికగపడని పాలేళ్లు



కోతలు ముగియగనే పొలములలో గడ్డికి నిప్పుపెట్టుట మనము చూచుచునే యున్నాము. యంత్రముతో కోసిన గడ్డిని ప్రోగుచేయుట శ్రమ. రెండవ పంటకు దుక్కి తొందర. అందుచేత అగ్గిపుల్లయే సులభోపాయమని తోచును. కాని టన్ను వరిగడ్డిలో సుమారు 5 మొదలు 8 కిలోల వరకు నత్రజని గలదు. నిప్పు తగిలినచో అది యించుమించు అంతయు పొగలో కలిసిపోవును. పిమ్మట ఆ నత్రజనినే యూరియా బస్తాలలో రొక్కమిచ్చి కొనుచున్నాము.

ఈ నష్టమును మాన్పగల పాలేళ్లు మన పెంటకుప్పలోనే యున్నారు. వారే సూక్ష్మజీవులు. చిటికెడు పేడలో కోట్లకొలది యుందురు. వీరు కూలి యడుగరు. తిండి, నీరు, గాలి మాత్రము కోరుదురు. ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను పని నిలిచిపోవును.

ఇందూరులో 1924 మొదలు 1931 వరకు సర్ ఆల్బర్ట్ హోవర్డు గారు యశ్వంత్ వాద్ గారి తోడ్పాటుతో ఈ పనిని శ్రద్ధగా పరీక్షించి, చెత్తను సుమారు మూడు మాసములలో ఎరువుగా మార్చు పద్ధతిని స్థిరపరచిరి. దీనినే ఇందూరు పద్ధతి యందురు.

మా అనుభవమొకటి చెప్పెదము. ఒక గ్రామమున మేము వేయించిన మొదటి కుప్పయే చెడినది. నీరు మెండుగా పోయించి, ఎత్తు తగ్గుటకై మనుష్యులచేత త్రొక్కించితిమి. ఇరువది దినములకు త్రవ్వి చూడగా గడ్డి గడ్డిగనే యుండి మురుగుకంపు కొట్టినది. అప్పుడా పొలము కామందగు వృద్ధుడు, "అయ్యా, గడ్డివాము చెడకుండుటకు గదా త్రొక్కుదుము! కుళ్లవలసినదానిని గూడ త్రొక్కించితిరేల?" యని యడిగెను. మేము సిగ్గుపడి, పొడిగడ్డి కలిపి కుప్పను వదులుగా తిరుగవేయించితిమి. నాలుగవ దినమున లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టినది. గాలి లేనిచోట వేరుజాతి సూక్ష్మజీవులు ప్రబలి, పని మందగించి, కంపు పుట్టునని ఆనాడు మాకు బాగుగ తెలిసినది.

ఇక చేయు విధము. నీరు నిలువని మెరకచోట ఆరడుగుల వెడల్పున కుప్ప వేయవలెను. అర అడుగు మందమున గడ్డి, చెత్త పరచి, దానిపై పేడనీళ్లు, పశువుల మూత్రముతో తడిసిన మన్ను, పిడికెడు పాతయెరువు చల్లవలెను. ఇట్లు వరుసపై వరుసగా నాలుగడుగుల యెత్తు వరకు వేయవచ్చును. వరిగడ్డిలో నత్రజని తక్కువ. కావున పేడయో, పచ్చిరొట్టయో తప్పక కలుపవలెను. పిడికిట పట్టి పిండినచో చేయి తడిసి, ఒకటి రెండు బొట్లు మాత్రమే రాలవలెను. ధారగా కారినచో నీరు ఎక్కువైనదని తెలియవలెను.

అయిదవ దినమున ఇనుపచువ్వను గ్రుచ్చి, కొంతసేపుంచి తీసి చూడుడు. అది కాలుచున్నచో పాలేళ్లు పనిలో నున్నారని యర్థము. వేడి 60 డిగ్రీలకు చేరినచో కలుపువిత్తులు పెక్కు చచ్చును. 15వ, 30వ, 60వ దినములందు కుప్పను తిరుగవేసి, ఆరినచోట నీరు చల్లవలెను. ఎరువు నల్లనై, పొడియై, తొలకరి మట్టివాసన వచ్చినప్పుడు పొలమునకు తోలవచ్చును. పండని యెరువును తొందరపడి వేసినచో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాగుకొనుటచే పైరు పచ్చబారును.

నేడు ట్రైకోడెర్మా వంటి శిలీంధ్రములను పొడిగా అమ్ముచున్నారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు పూసా డీకంపోజరును తయారుచేసిరి. ఇట్టివి పనిని త్వరపరచవచ్చును. కాని పాలేళ్లను కొనితెచ్చినంత మాత్రమున చాలదు. వారికి ఊపిరి యాడనీయవలెను గదా! పొడి దొరకనివారు పేడనీళ్లతోనే మొదలిడవచ్చును.

ఈ కోతలకు ప్రతి సభ్యుడును ఒక్క బండి గడ్డినైనను నిప్పునుండి తప్పించి కుప్ప వేయవలెనని మా ప్రార్థన. కుప్ప వేడెక్కినదో లేదో మాకు చెప్పుడు. వేడెక్కనిచో మేమును పార పట్టుకొని వచ్చెదము.