గోడ అడుగున కొయ్యపట్టీ: అతుకు వేయు విధము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో నేలకు బండలు పరచి, గోడ అడుగున రాతిపట్టీ గాని పింగాణీ పలకల పట్టీ గాని వేయుట పరిపాటి. కొందరు గృహస్థులు ఆ చోట టేకుపట్టీ వేయించుకొందురు. పనివారు దీనిని స్కర్టింగు అందురు. ఇది చీపురు దెబ్బలనుండి, మంచపుకోళ్ల రాపిడినుండి గోడను కాపాడును.

గది చిన్నదైనచో ఒకే పట్టీ సరిపోవును. 20 అడుగుల గోడకు ముక్కలు అతుకక తప్పదు. రెండు ముక్కలను తిన్నగా కోసి మొనకు మొన ఆనించినచో పని ముగిసిన నాడు చక్కగానే ఉండును. వేసవి వచ్చుసరికి అతుకు విడి నల్లని గీత తేలును. నేల కడిగిన నీరు ఆ సందున దిగును. కోత మొన నీటిని త్వరగా పీల్చును గనుక అచ్చటనే కొయ్య చివుకుట మొదలగును. టేకు చేవకు చెదలు అంతగా పట్టవు గాని, బెరడు ప్రక్కనుండు తెల్లకొయ్యకు పట్టును. ఒక్క అతుకు చెడినచో విలువైన పట్టీ అంతయు మార్చవలసి వచ్చును.

కొయ్య స్వభావము

పచ్చికొయ్య ఎండునపుడు వెడల్పున నూటికి కొన్ని వంతులు తరుగును. నిడివిలో తరుగు వేయింట ఒకటి రెండు వంతులే. అయినను 5 మీటర్ల నిడివిలో అది 5 నుండి 10 మిల్లీమీటర్లగును. కనుక బాగుగా ఆరిన కొయ్యనే కొనవలెను. దానిని బిగింపబోవు గదిలోనే రెండు వారములు నీడన ఉంచవలెను. ఈ ప్రాంతమున వేసవి ఎండ 40 డిగ్రీలు దాటును. వానలలో చెమ్మగిల్లిన కొయ్యను బిగించినచో వేసవిలో అతుకు విడును. పొడి దినములలో బిగించినది వానలకు మరింత బిగియును. గోడ పూత పూర్తిగా ఆరకముందు పట్టీ వేయరాదు.

ఏటవాలు కోత

రెండు మొనలను 45 డిగ్రీల వాలున కోసి, ఒకదానిపై ఒకటి కూర్చుండునట్లు కలుపవలెను. కొయ్య కొంచెము తరిగినను సందులో గోడ కనబడదు. క్రింది ముక్క కొయ్యయే కనబడును. పై ముక్క అంచు గుమ్మమునుండి చూచువారికి ఎదురుగా నుండరాదు. ఆవలివైపు తిరిగి యుండవలెను. అతుకు బీరువా చాటున పడునట్లు ముందే కొలుచుకొనుట మేలు.

మొదటి ముక్కను బిగించిన పిదప రెండవదానిని కొలిచి కోయవలెను. రంగును, చారలును కలియు ముక్కలను ఏరుకొనవలెను. కోత మొనలు జిగురును పీల్చును గనుక పలుచగా ఒక పూత పూసి, కొంతసేపు ఆగి, మరల పూయవలెను. అతుకు వెనుక గోడలో కొయ్యముక్క దిగగొట్టి, ముందుగా సన్నని రంధ్రము చేసి, రెండు ముక్కలగుండ మేకు దింపవలెను. రంధ్రము లేక కొట్టినచో పలుచని మొన చీలును. జిగురు ఆరిన పిమ్మట ఉప్పుకాగితముతో చారల వెంబడి రుద్దవలెను. అడ్డముగా రుద్దినచో గీతలు పడును. మేకు గుంటలను లప్పముతో పూడ్చి వార్నిషు వేయవలెను. పట్టీ వెనుక ముఖమునకును, అడుగు అంచునకును బిగించుటకు ముందే ఒక పూత వేయుట మరువరాదు. చెమ్మ ముందుగా వచ్చునది ఆ వైపునుండియే.

ఇందుకు ముఖ్యముగా కావలసిన పనిముట్లు రంపము, చిత్రిక, మూలమట్టము, సుత్తి. ఇవి మన వడ్రంగులందరి యొద్దను ఉన్నవి. ఇల్లు కట్టించుకొనువారు కొయ్య కొను నాడే వడ్రంగితో ఈ సంగతి మాటలాడుకొన్నచో ఖర్చు పెరుగకయే పని కలకాలము నిలుచును.