కంట్లో దారి తప్పిన పురుగు

శ్రీహరికోటకు పడమట పులికాట్ సరస్సు. ఆ పక్క సూళ్లూరుపేట, తడ పల్లెల్లో చెరువులు. నేలపట్టులో గూడబాతులు. నత్త, చేప, చేపను తినే పక్షి ఒకేచోట ఉన్న నీళ్లలో ట్రెమటోడ్ అనే పరాన్నజీవి పురుగులకు బతుకు సాగుతుంది. గొర్రెల కాపరులకు తెలిసిన కార్జపు జలగ కూడా ఈ వర్గానిదే. ఇక్కడి మనుషుల్లో ఇవి అరుదు. అందుకే డాక్టరుకు వెంటనే తట్టవు.

తమిళనాడులో ఏం జరిగిందో చూడండి. మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి పల్లెల పిల్లలు ఎర్రబడిన కన్నుతో వచ్చేవారు. కార్నియా వెనక తెల్లని చిన్న గడ్డ, మందగించిన చూపు. క్షయ వల్ల కూడా కంట్లో ఇలాంటి గడ్డలు రావచ్చు. కానీ ఈ పిల్లలు ఊరి చెరువులోనో ఏట్లోనో మునిగి ఆడినవాళ్లు. డాక్టర్ ఎస్.ఆర్. రత్తినం బృందం 2002లో ట్రెమటోడ్‌పై అనుమానాన్ని ప్రచురించింది.

పురుగుల గుడ్లు వెతికే మలపరీక్ష ఇక్కడ పనికిరాదు. నత్త నుంచి వెలువడిన లార్వా మామూలుగా చేపలో చేరాలి, ఆ చేపను తిన్న పక్షి పేగులో పెద్దదై గుడ్లు పెట్టాలి. పిల్లవాడి కంట్లోకి దూరినది దారి తప్పినట్టే. అది పెరగదు, గుడ్లు పెట్టదు. దాని చుట్టూ శరీరం కట్టిన గడ్డే మిగులుతుంది. అందుకే శస్త్రచికిత్సలో తీసిన గడ్డల నుంచీ, పిల్లలు స్నానం చేసిన నీళ్లలోని మెలనాయిడిస్ నత్తలు వదిలిన లార్వాల నుంచీ డీఎన్ఏ తీసి, పీసీఆర్ చేసి పోల్చారు. రెండూ ప్రోసెరోవమ్ వేరియమ్ అనే పురుగుకే దగ్గరగా తేలాయి. 2016లో వచ్చిన ఆ ఫలితం నా దృష్టిలో గొప్ప పరిశోధన: రోగిని, ఊరి నీటిని కలిపి పరీక్షించింది.

మణిపూర్‌లో సరిగా ఉడకని మంచినీటి పీతల వల్ల వచ్చే ఊపిరితిత్తుల ట్రెమటోడ్‌దీ ఇలాంటి కథే. దగ్గితే రక్తం పడుతుంది, క్షయ అనుకుంటారు. క్షయ కోసమే చూసే పరీక్షలో దాని గుడ్లు దృష్టికి రాకపోవచ్చు. కళ్లెను గుడ్ల కోసం ప్రత్యేకంగా సూక్ష్మదర్శినిలో చూడాలి. రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు పెరగడం మరో ఆధారం. గుర్తిస్తే ప్రాజిక్వాంటెల్ మాత్రలతో నయమవుతుంది.

పులికాట్ చేపలను చూసి బెదరక్కర్లేదు, బాగా ఉడికిస్తే చాలు. ఈత కొట్టిన పిల్లల కన్ను ఎర్రబడి తగ్గకపోతే మాత్రం సొంతంగా చుక్కలు వేయకండి. కంటి డాక్టరుకు చూపించి, ఏ చెరువులో దిగారో చెప్పండి.