ప్రాథమిక బోధనలో సాంకేతికత: తెర వచ్చినంత మాత్రాన చదువు వస్తుందా?

మూడో తరగతి నుంచే కృత్రిమ మేధకు సంబంధించిన పాఠ్యాంశాలను 2026-27 విద్యా సంవత్సరంలో ప్రవేశపెట్టనున్నట్లు కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. అదే మూడో తరగతికి సంబంధించిన మరొక లెక్క 'అసర్' 2024 నివేదికలో కనిపిస్తుంది. గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి చదువుతున్న పిల్లల్లో, రెండో తరగతి స్థాయి పాఠాన్ని తడబడకుండా చదవగలిగిన వారు 23.4 శాతమే. 2022లో ఇది 16.3 శాతం మాత్రమే కావడంతో ఈ పెరుగుదల ఊరటనిచ్చేదే. అయినా నలుగురిలో ముగ్గురు పిల్లలు తమ తరగతి పుస్తకాన్ని తాము చదువుకోలేని స్థితిలోనే ఉన్నారన్నది వాస్తవం.

ఈ రెండు విషయాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు ఒక ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. బడిలోకి వస్తున్న టీవీ, ట్యాబ్, ఇంటర్నెట్ ఆ ముగ్గురు పిల్లలకు అక్షరాన్ని దగ్గర చేస్తాయా? లేక చదవగలిగిన ఆ ఒక్కరికే మరింత మేలు చేసి ఊరుకుంటాయా? దీనికి సమాధానం ఊహల్లో వెతకవలసిన పని లేదు. యాభై ఏళ్ల భారతీయ అనుభవం, దేశ విదేశాల్లో జరిగిన అధ్యయనాలు కొంత స్పష్టమైన దారి చూపుతున్నాయి.

ఆకాశం నుంచి వచ్చిన తొలి పాఠాలు

తరగతి గదికి సాంకేతికత కొత్త అతిథి కాదు. పల్లె బడిలో పిల్లలు తెర ముందు కూర్చుని పాఠం వినడం మన దేశంలో 1975 నాటికే పెద్ద ఎత్తున జరిగింది. ఆ సంవత్సరం ఆగస్టు 1న భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అమెరికాకు చెందిన 'నాసా' సహకారంతో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగాన్ని ప్రారంభించింది. 'సైట్' అన్న పొట్టి పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 గ్రామాలు భాగమయ్యాయి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వల వంటి వలతో తయారుచేసిన గొడుగు ఆకారపు యాంటెన్నాలు ఉపగ్రహ సంకేతాలను నేరుగా అందుకునేవి. ఉదయం పూట బడిపిల్లలకు, సాయంత్రం వేళ గ్రామస్థులందరికీ తెలుగు సహా నాలుగు భాషల్లో కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. సరిగ్గా ఏడాది తరువాత, 1976 జులై 31న ఆ ప్రయోగం ముగిసింది.

ఆ ప్రయోగం నేర్పిన పాఠాల్లో ఒకటి నేటికీ పాతబడలేదు. పిల్లలకు ప్రసారం చేయడంతో పాటే ఉపాధ్యాయులకు కూడా విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణలో టెలివిజన్ ఒక భాగం మాత్రమే. రేడియో, ముద్రిత సామగ్రి, చేతితో చేసే ప్రయోగాలు దానికి తోడయ్యాయి. తెర ఒంటరిగా పనిచేయదన్న గ్రహింపు అప్పటికే ఉంది.

అనంతర కాలంలో ఇన్‌శాట్ ఉపగ్రహాల ద్వారా విద్యా ప్రసారాలు సాగాయి. కేవలం విద్య కోసమే రూపొందించిన ఎడ్యుశాట్‌ను 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, 'దీక్ష' వేదికను నాటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్య నాయుడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లో నేడు కనిపించే క్యూఆర్ కోడ్‌లు ఈ వేదికలోని పాఠాలకే దారి తీస్తాయి. కొవిడ్ కారణంగా 2020 మార్చిలో బడులు మూతపడిన తరువాత 'పీఎం ఈ-విద్య' కింద తరగతికి ఒక టీవీ ఛానల్ చొప్పున 12 ఛానళ్లను ప్రకటించారు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ఆ సంఖ్యను 200కు పెంచాలని నిర్ణయించారు. తెలుగు రాష్ట్రాల్లోనూ దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానళ్లు ఆ గడ్డు కాలంలో ఇంటింటికీ పాఠాలు చేర్చాయి.

వడోదర నుంచి లాహోర్ వరకు

పరికరాలు ఇస్తే పిల్లలు నేర్చుకుంటారా అన్న ప్రశ్నకు మన దేశంలో జరిగిన శాస్త్రీయ పరిశీలనల్లో వడోదర అధ్యయనం ముఖ్యమైనది. గుజరాత్‌లోని ఆ నగరంలో పురపాలక ప్రాథమిక పాఠశాలలకు ప్రభుత్వం అంతకు ముందే కంప్యూటర్లు అందజేసింది. అయితే చిన్న తరగతుల పిల్లలు వాటిని వాడుతున్న బడులు చాలా తక్కువని తేలింది. ఆ కంప్యూటర్లలోనే గణితానికి సంబంధించిన ఆటలు అమర్చి, నాలుగో తరగతి పిల్లలను ఇద్దరికి ఒకటి చొప్పున వారానికి రెండు గంటలు కూర్చోబెట్టారు. ప్రతి పిల్లవాడు తన స్థాయికి తగిన లెక్కలు చేసే వీలు కల్పించారు. గణితంలో వారి ప్రగతి చెప్పుకోదగినంత మెరుగుపడింది. తరువాత నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో పాలుపంచుకున్న ఈ అధ్యయనం 2007లో వెలువడింది. కార్యక్రమం ఆగిపోయిన ఏడాది తరువాత ఆ ప్రగతి కొంతమేర తరిగిపోయిందని కూడా అదే అధ్యయనం నమోదు చేసింది.

గుజరాత్‌లోనే మరొక పరిశీలన ఇంకొక కోణాన్ని బయటపెట్టింది. జ్ఞాన్‌శాల అనే స్వచ్ఛంద సంస్థ నడిపే బడుల్లో రెండు, మూడు తరగతుల పిల్లలకు కంప్యూటర్ పాఠాలను రెండు రకాలుగా అందించారు. మొదటి పద్ధతిలో ఉపాధ్యాయుల బోధన సమయం నుంచి కొంత తీసి కంప్యూటర్‌కు ఇచ్చారు. రెండో పద్ధతిలో బడి వేళలకు అదనంగా సాధన చేయించారు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే అయినా ఫలితాలు మాత్రం భిన్నంగా వచ్చాయి. మంచి బోధనను తప్పించి కంప్యూటర్‌ను పెట్టిన చోట పిల్లలు వెనకబడ్డారు. బోధనకు తోడుగా వాడిన చోట ముందుకు వెళ్లారు. చదువులో వెనకబడిన పిల్లలకు ఈ అదనపు సాధన ఎక్కువగా ఉపకరించింది.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనం అసలు చిక్కు ఎక్కడుందో చూపింది. వారు పరిశీలించిన ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతుల మేర వెనకబడి ఉన్నారు. ఒకే గదిలో కూర్చున్న పిల్లల స్థాయిల మధ్య కూడా ఎంతో అంతరం ఉంది. ఒక్కొక్కరు ఎక్కడ ఆగిపోయారో గుర్తించి అక్కడి నుంచి మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌ను, చిన్న బృందాలకు బోధకుల సహాయాన్ని కలిపి బడి వేళల తరువాత అందించినప్పుడు నాలుగున్నర నెలల్లోనే గణితంలో, హిందీలో మెరుగైన ఫలితాలు కనిపించాయి.

పొరుగున పాకిస్థాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో జరిగిన పరిశీలన కూడా ఇదే దిశలో ఉంది. ఎనిమిదో తరగతి గదుల్లో తెర అమర్చి, పాఠానికి అనువైన చిన్న వీడియోలు ఇచ్చి, వాటిని బోధనలో ఎలా వాడాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినప్పుడు కొద్ది నెలల్లోనే పిల్లల అభ్యసనం మెరుగుపడింది. అటువంటి పాఠాలనే ట్యాబ్‌లలో నింపి, ఉపాధ్యాయుల ప్రమేయం లేకుండా నేరుగా పిల్లలకు అందించిన చోట ఫలితం తిరగబడింది.

నాలుగు చోట్ల జరిగిన ఈ పరిశీలనల సారం ఒక్కటే. సాధనం గురువు చేతిలో ఉన్నప్పుడు ఉపకరించింది. గురువు స్థానంలో కూర్చున్నప్పుడు హాని చేసింది.

చిన్న తరగతుల్లో ఎందుకింత తేడా?

పెద్ద తరగతుల విద్యార్థి తెరపై పాఠం విని, అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ వినగలడు. ఆరేడు ఏళ్ల పిల్లలకు అది సాధ్యం కాదు. తనకు అర్థం కాలేదని గుర్తించడం కూడా ఆ వయసులో ఇంకా నేర్చుకోవలసిన విద్యే. పిల్లవాడి ముఖం చూసి ఆ సంగతి పసిగట్టగలిగేది ఎదురుగా ఉన్న ఉపాధ్యాయురాలే.

రెండంకెల సంఖ్యలను ఉదాహరణగా తీసుకోవచ్చు. పది పుల్లలను ఒక కట్టగా కట్టి, మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు కలిపితే ముప్పై నాలుగు అని పిల్లలు చేతులతో తెలుసుకుంటారు. తెరపై అదే దృశ్యం ఎంత రంగులమయంగా కనిపించినా, కట్ట విప్పి మళ్లీ కట్టిన అనుభవానికి సాటి రాదు. అక్షరాలు దిద్దడం, బొమ్మ గీయడం, మట్టితో ఆకారాలు చేయడం కూడా ఈ కోవలోనివే.

మరోవైపు, చేతికి అందని విషయాలను తెర కళ్లముందు నిలుపుతుంది. విత్తనం మొలకెత్తే తీరును వారాల తరబడి వేచి ఉండకుండా నిమిషంలో చూపవచ్చు. చంద్రకళలు, సముద్ర గర్భం, గుండె స్పందన వంటివి నల్లబల్లపై గీసిన బొమ్మకన్నా కదిలే చిత్రంలో సులభంగా బోధపడతాయి. భాష నేర్పడంలో ధ్వనికి ఉన్న ప్రాధాన్యం మరింత గొప్పది. 'ల', 'ళ'ల మధ్య, 'న', 'ణ'ల మధ్య తేడా కంటితో కన్నా చెవితోనే ముందు తెలియాలి. కోయ, సవర, కువి, గోండి భాషలు ఇంట మాట్లాడే పిల్లలకు తమ భాషలో ఒక కథ వినిపించి, ఆపై తెలుగులోకి తీసుకువెళితే బడి పరాయి చోటుగా అనిపించదు. వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం 2024 డిసెంబరులో పీఎం ఈ-విద్య కింద భారతీయ సంజ్ఞా భాషకు ప్రత్యేక ఛానల్ ప్రారంభం కావడం ఇటువంటి ప్రయోజనానికి మరో ఉదాహరణ.

సాధనం ఖరీదైనదే కానవసరం లేదు. 1970వ దశకంలో మధ్య అమెరికా దేశమైన నికరాగ్వాలో రేడియో ద్వారా ప్రాథమిక తరగతులకు గణితం నేర్పారు. రేడియోలో ప్రశ్న వినిపించిన తరువాత కొన్ని క్షణాల మౌనం ఉండేది. ఆ వ్యవధిలో పిల్లలంతా గొంతెత్తి జవాబు చెప్పేవారు, లేదా లెక్క వేసేవారు. ఆ పాఠాలు విన్న పిల్లలు గణితంలో ముందంజ వేశారు. వీడియో పాఠానికైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. రెండు మూడు నిమిషాలకు ఒకసారి ఆపి, 'తరువాత ఏమవుతుంది?' అని ప్రశ్నించే ఉపాధ్యాయురాలి తరగతిలో తెర పిల్లలకు ఆలోచన నేర్పుతుంది. ఆపకుండా అరగంట నడిచే వీడియో కాలక్షేపంగానే మిగులుతుంది.

అంతరాలు, అవరోధాలు

కేంద్ర విద్యాశాఖ 'యూడైస్ ప్లస్' గణాంకాల ప్రకారం 2023-24లో దేశంలోని పాఠశాలల్లో 57.2 శాతానికి పనిచేసే కంప్యూటర్లు, 53.9 శాతానికి ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నాయి. 2024-25 నాటికి ఇవి వరుసగా 64.7, 63.5 శాతానికి పెరిగాయి. పెరుగుదల వేగంగానే ఉన్నా, మూడింట ఒక వంతు బడులకు ఈ సౌకర్యాలు ఇంకా చేరలేదు.

ఉపాధ్యాయుల కొరత మరొక అవరోధం. అవే గణాంకాల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి. రాష్ట్రాలవారీగా చూస్తే వీటి సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లోనే అత్యధికం. అయిదు తరగతులను ఒక్కరే చూసుకునే ఇటువంటి బడిలో ఒక తరగతికి శ్రవ్య కథ వినిపిస్తూ, ఆ వ్యవధిలో మరొక తరగతికి లెక్కలు చెప్పే అవకాశం ఉపాధ్యాయులకు నిజమైన ఆసరా అవుతుంది. అయితే టీవీ ఉంది కదా అని రెండో ఉపాధ్యాయ పోస్టును భర్తీ చేయకుండా వదిలేస్తే, జ్ఞాన్‌శాల అనుభవం చూపినట్లు, నష్టపోయేది పిల్లలే.

ఆరోగ్యం, గోప్యత కూడా పట్టించుకోవలసిన అంశాలు. 2020లో కేంద్రం విడుదల చేసిన 'ప్రజ్ఞత' మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ బోధన రోజుకు రెండు తరగతులకు, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలకు మించరాదని సూచించాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కీలకం చేసింది. ఏ యాప్ పిల్లల నుంచి ఏ వివరాలు సేకరిస్తున్నదో అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కుగా గుర్తించాలి.

కొనుగోలుకు ముందు వేయవలసిన ప్రశ్నలు

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలన్నది 2021 జులై 5న ప్రారంభమైన 'నిపుణ్ భారత్' లక్ష్యం. దానికి గడువు కూడా 2026-27. కృత్రిమ మేధ పాఠాలు మొదలు కావలసిన సంవత్సరం, అక్షరాస్యత లక్ష్యం నెరవేరవలసిన సంవత్సరం ఒకటే కావడం గమనార్హం.

ఈ పరిస్థితుల్లో ఒక బడికి పరికరం వచ్చిన ప్రతిసారీ గ్రామ పెద్దలు, పాఠశాల యాజమాన్య కమిటీలు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. దీన్ని వాడడంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారా? చెడిపోతే బాగుచేసేది ఎవరు, ఎన్ని రోజుల్లో? పాఠాలు పిల్లల భాషలో ఉన్నాయా? ఇది ఉపాధ్యాయుల సమయాన్ని పెంచుతుందా, హరిస్తుందా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఏడాది చివర ఎంతమంది పిల్లలు కొత్తగా చదవగలుగుతున్నారో ఎవరైనా లెక్క చూస్తున్నారా?

బీరువాలో తాళం వేసి భద్రంగా దాచిన ట్యాబ్ పాడు కాదు, కానీ ఎవరికీ చదువు నేర్పదు. 1975లో పల్లె బడి ముందు గొడుగు యాంటెన్నా నిలిపిన నాటి నుంచి నేటి వరకు పరికరాలు ఎన్నో మారాయి. తరగతి గది వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడికి పుస్తకంలోని వాక్యం తనంతట తాను చదవడం వచ్చిందా, లేదా అన్న కొలమానం మాత్రం మారలేదు.