మనోవ్యాధులపై గ్రామ శిక్షణ - పంచాయతీ నిధులు

1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి హరిజనులు వినోబా భావేగారి యెదుట తమ కష్టమును బహిరంగముగా చెప్పుకొనిరి. వారు 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు దానమొసగిరి. భూమి లేమిని సభలో చెప్పుకొనవచ్చును. మనోవ్యాధిని ఎవ్వరును అట్లు చెప్పుకొనరు.

నేతగాడు పది దినములు మగ్గము గుంటలోనికి దిగకున్నచో ఇరుగుపొరుగువారు సోమరి యందురు, లేదా గాలి సోకినదని భూతవైద్యుని కడకు గొనిపోవుదురు. చిటికి నేతలో భార్య ఆసు పోయవలెను, భర్త నేయవలెను. ఒక్కరి మనస్సు చెడిన ఇంటిల్లిపాది రాబడియు నిలిచిపోవును. అప్పు వలన దిగులు, దిగులు వలన మరల అప్పు. 2015-16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ సర్వేలో, వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మంది రోగులకు చికిత్స అందలేదని తేలినది. మందులు లేకపోవుట యొక్కటే ఇందుకు కారణము కాదు. ఇది వ్యాధి యని ఇంటివారికి తెలియకపోవుట, తెలిసినను సిగ్గుపడి దాచుట అంతకంటె పెద్ద అడ్డంకులు.

కావున శిక్షణ ముఖ్యము. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో 1980 దశకమున బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ ప్రాథమికారోగ్య కేంద్రముల వైద్యులకును, సిబ్బందికిని శిక్షణ నిచ్చెను. ఆ నమూనాపై 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమైనది. చికిత్సయే గాక సిబ్బంది శిక్షణ, ప్రజలలో ప్రచారము కూడ అందులోని భాగములే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రజలలో అవగాహన కల్పించుట ప్రభుత్వముల విధి యని నిర్దేశించినది. అనగా పంచాయతీ శిక్షణ కోరుట యాచన గాదు.

పోచంపల్లి నేడు పురపాలక పట్టణము. చుట్టుపట్ల గ్రామములకు పంచాయతీలు గలవు. రాజ్యాంగము 11వ షెడ్యూలులోని 29 విషయములలో ఆరోగ్యము 23వది. 15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు సిఫారసు చేసిన పంచాయతీ గ్రాంట్లలో నూటికి 60 వంతులు నీటికిని, పారిశుద్ధ్యమునకును కేటాయింపబడెను. తక్కిన 40 వంతులు, జీతములకు దక్క, స్థానికావసరములకు వినియోగింపవచ్చునని నిర్ణయింపబడెను. కాని ప్రణాళికలో వ్రాయని పనికి పైకము రాదు. మన ప్రణాళికలలో సిమెంటు రోడ్డు తప్పక యుండును, ఈ పని మాత్రము కానరాదు! ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఉపాధ్యాయినులు, నేత సంఘముల పెద్దలు కూర్చుండుటకు పంచాయతీ భవనము చాలును. కరపత్రములకును, భోజనములకును అగు వ్యయము స్వల్పము. శిక్షకుని పంపుమని జిల్లా వైద్యాధికారికి తీర్మానము పంపవలెను.

శిక్షణ పొందినవారు వైద్యము చేయనక్కరలేదు. నిద్ర, ఆహారము మాని ముభావముగా నున్నవానిని గుర్తించుట, మందలింపక వినుట, ఆస్పత్రికి తోడు పోవుట చాలును. చావు మాట యెత్తినవానిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ 14416 నంబరునకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడువారు గలరు. ఈ నంబరును పంచాయతీ గోడపైనను, నూలు దుకాణముల వద్దను వ్రాయింపవలెను.